అభిమాన కథల్లో ప్రాణుల ఎంపిక: ఔచిత్య దృష్టితో ఒక ఖండన

ప్రసిద్ధమైన ఒక కథాలోకాన్ని ఆధారం చేసుకొని, అందులోని పాత్రలనూ స్థలాలనూ నియమాలనూ స్వీకరించి, మూలకర్త చెప్పని కథను చెప్పే రచనను నేడు ఫ్యాన్ ఫిక్షన్ అని వ్యవహరిస్తున్నారు. తెలుగులో దీనిని అభిమాన కథ అనవచ్చు. పేరు కొత్తదే గాని పని కొత్తది కాదు. వ్యాసభారతంలో కానరాని శశిరేఖను కథానాయికగా నిలిపిన ‘మాయాబజార్’ (1957) చిత్రాన్ని తెలుగు ప్రేక్షకుడు భారతకథగానే చూశాడు. హరివంశంలోని ఒక ఉపాఖ్యానాన్ని పింగళి సూరన ‘ప్రభావతీప్రద్యుమ్నము’గా పెంచాడు. ఉన్న లోకంలోకి వెళ్లి లేని కథను కట్టడం తెలుగువారికి వెయ్యేళ్ల అలవాటు.

ఈ అలవాటు నేటి యువరచయితల చేతుల్లో కొత్త రూపం తీసుకుంటున్నది. ఖాండవంలో ఫీనిక్స్ ఎగురుతుంది, పల్నాటి రాజసభకు డ్రాగన్ వస్తుంది, మఱ్ఱిచెట్టు మీది బ్రహ్మరాక్షసుడు వాంపైర్‌గా మారుతాడు అనుకుందాం. ఇటువంటి రచనను ఏ ప్రమాణంతో తూచాలి? ఈ ప్రశ్నకు ప్రస్తుతం రెండు సమాధానాలు వినిపిస్తున్నాయి. రెండూ తప్పేనని, సరైన ప్రమాణం తెలుగు శాఖలు ఏటా బోధించే అలంకారశాస్త్రంలోనే ఉన్నదని, దానిని సమకాలీన రచనకు అన్వయించకపోవడం విమర్శ లోపమని ఈ వ్యాసం వాదిస్తుంది.

రెండు అపమార్గాలు

మొదటిది స్వేచ్ఛావాదం. కల్పితలోకంలో అన్నీ కల్పితాలే కాబట్టి ఏ ప్రాణినైనా ఎక్కడైనా పెట్టవచ్చునని దీని సారాంశం. ఏనుగుతల దేవుడు, పది తలల రాక్షసుడు ఉన్నచోట రెక్కల గుర్రానికి అభ్యంతరమేమిటని ఈ వాదులు అడుగుతారు. ప్రశ్న చమత్కారంగా ఉన్నా తర్కం నిలవదు. పది తలలున్నాయి కాబట్టి రావణుడు ఏమైనా చేయగలడని వాల్మీకి చెప్పలేదు. రావణుడు కోరిన వరంలో మనుష్యులను చేర్చలేదు. ఆ ఒక్క లోపం చుట్టూనే రామకథ అంతా నిర్మితమైంది. అద్భుతం ఎక్కువైన కొద్దీ దానిని కట్టిపడేసే నియమం అంత గట్టిగా ఉండాలి. నియమం లేని అద్భుతం పాఠకుడికి భయాన్నీ ఇవ్వదు, ఆశనూ ఇవ్వదు.

రెండవది స్వదేశీవాదం. మన పురాణాల్లో ఉన్న ప్రాణి అయితే చాలు, లేనిదైతే చాలదు అని దీని తీర్పు. డ్రాగన్‌ను తీసి శరభాన్ని పెడితే రచన శుద్ధమైపోతుందని దీని నమ్మకం. ఇది వినడానికి గౌరవంగా ఉంటుంది, అందుకే ఎక్కువ ప్రమాదకరం. పుట్టుకను ప్రమాణంగా తీసుకుంటే లెక్క తేలదు. ఒంటికొమ్ము జంతువు ఐరోపావారిదని తోసిపుచ్చుదామంటే, సింధునాగరికత ముద్రికల్లో అత్యధికంగా కనిపించే బొమ్మ ఒంటికొమ్ము జంతువే. విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల నాణేల మీది గండభేరుండం మనదేనని గర్వపడదామంటే, రెండు తలల పక్షి చిహ్నం బైజాంటియన్ సామ్రాజ్యంలోనూ, అంతకు ఎంతో ముందు హిట్టైట్ల శిల్పంలోనూ కనిపిస్తుంది. మకరం జావా ఆలయద్వారాల దాకా ప్రయాణించింది. ప్రాణులు కథలతో పాటు తిరుగుతాయి. వాటికి జన్మస్థల ధ్రువపత్రం అడిగే విమర్శ చివరకు కథను చదవడం మానేస్తుంది.

ఈ రెండు వాదాలకూ ఉమ్మడి దోషం ఒకటుంది. ప్రాణిని అలంకారంగా, కథ మీద అతికించే బొమ్మగా రెండూ భావిస్తున్నాయి. ఒకటి ఏ బొమ్మైనా సరే అంటే, మరొకటి మన బొమ్మే అంటున్నది. ప్రాణి ఆ లోకంలో ఏ ధర్మానికి లోబడి బతుకుతున్నదని రెండింటిలో ఏదీ అడగదు.

శాస్త్రం చెప్పినది

దండి ‘కావ్యాదర్శం’ కావ్యదోషాల్లో దేశవిరోధాన్ని, కాలవిరోధాన్ని, లోకవిరోధాన్ని వేర్వేరుగా నిరూపించింది. దేశవిరోధానికి ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి జంతువే. కళింగవనాల్లో పుట్టిన ఏనుగులు జింకల వంటివని ఎవరైనా వర్ణిస్తే అది దోషమంటాడు. కౌటిల్యుడి ‘అర్థశాస్త్రం’ శ్రేష్ఠమైన ఏనుగుల్లో కళింగదేశపు ఏనుగులను పేర్కొన్నది. ఆ ప్రసిద్ధి తెలిసిన పాఠకుడికి జింకంత కళింగ గజం కనిపిస్తే వర్ణన మీది నమ్మకమే సడలుతుంది. ఏనుగు భారతీయమా కాదా అన్న ప్రశ్న ఇక్కడ లేనే లేదు. ఆ దేశపు ఏనుగు ఆ దేశపు ఏనుగులా ఉన్నదా అన్నదే ప్రశ్న.

10వ శతాబ్దపు రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో కవిసమయాలను వివరిస్తూ మరో మెట్టు పైకి వెళ్లాడు. లోకంలో లేనిదాన్ని వర్ణించడం, ఉన్నదాన్ని వర్ణించకపోవడం, అనేకచోట్ల ఉన్నదాన్ని ఒక్కచోటికే నియమించడం అని వాటిని విభజించాడు. ప్రతి జలాశయంలోనూ హంసలుంటాయి, మకరాలు సముద్రంలోనే ఉంటాయి. జంతుశాస్త్రం దృష్టిలో ఇవి నిలవవు. కావ్యలోకంలో ఇవే శాసనాలు. అంటే కల్పితలోకానికి తనదైన జీవావరణం ఉంటుందని, అది బయటి లోకపు జీవావరణంతో ఏకీభవించనక్కరలేదని, కాని తనలో తాను ఏకీభవించి తీరాలని రాజశేఖరుడి విభాగం సూచిస్తున్నది. ప్రబంధలోకంలోకి వెళ్లే అభిమాన కథలో హంస పాలనూ నీటినీ వేరు చేయాలి, చకోరం వెన్నెల తాగాలి. తెలంగాణ సాయుధపోరాటం నేపథ్యంగా వచ్చిన వాస్తవిక నవలను ఆధారం చేసుకున్న కథలో అదే హంస అదే పని చేస్తే అపహాస్యం పాలవుతుంది. ప్రాణి మారలేదు, లోకం మారింది.

11వ శతాబ్దపు క్షేమేంద్రుడు ‘ఔచిత్యవిచారచర్చ’లో దేశం, కాలం, కులం, స్వభావం, నామం మొదలైన స్థానాలన్నింటిలోనూ ఔచిత్యాన్ని పరీక్షించాడు. అభిమాన కథలోని ప్రాణికి ఈ ఐదూ ఐదు ప్రశ్నలవుతాయి. అది ఎక్కడ ఉంటుంది? ఎప్పటిది? ఎవరికి పుట్టింది? ఏం చేస్తుంది? దానిని ఏమని పిలుస్తారు? ఈ ప్రశ్నలకు మూలలోకం ఇచ్చే సమాధానాలతో పొసిగేదే ఉచితమైన ప్రాణి.

నాగిని వివాదం నేర్పే పాఠం

2018లో ‘ఫెంటాస్టిక్ బీస్ట్స్: ది క్రైమ్స్ ఆఫ్ గ్రిండెల్‌వాల్డ్’ చిత్రం విడుదల సందర్భంగా ఒక వివాదం రేగింది. హ్యారీ పాటర్ నవలల్లో ప్రతినాయకుడు వోల్డ్‌మార్ట్ వెంట ఉండే నాగిని అనే పాము, ఈ చిత్రంలో ఒకప్పటి స్త్రీగా కనిపించింది. ఆ పాత్రను దక్షిణ కొరియా నటి ధరించారు. విమర్శలు రాగా, ఇండోనేషియా పురాణగాథల్లోని నాగ నుంచి ఆ పేరు వచ్చిందని రచయిత్రి జె.కె. రౌలింగ్ సమాధానమిచ్చారు. నాగుల మూలం భారతదేశం గదా అని మరికొందరు అభ్యంతరం చెప్పారు. వాదమంతా నాగులు ఎవరివి అన్నదాని చుట్టూ తిరిగింది.

అసలు అనౌచిత్యం ఇంకొకచోట ఉన్నది. చిత్రంలోని నాగిని తల్లినుంచి కూతురికి సంక్రమించే రక్తశాపానికి లోబడినది. ఏదో ఒకనాటికి తిరిగి మనిషి కాలేని పాముగా మిగిలిపోవడం ఆమె విధి. భారతకథలోని నాగులకు నాగత్వం శాపఫలం కాదు, జన్మ. వారికి లోకముంది, రాజులున్నారు, వంశాలున్నాయి, పగలున్నాయి. గంగలో స్నానం చేస్తున్న అర్జునుణ్ణి ఉలూపి నాగలోకానికి తీసుకుపోయి వరిస్తుంది. పాము మనిషిగా ఎలా మారిందని అక్కడ ఎవరూ అడగరు. తక్షకుడి పగ, జనమేజయుడి సర్పయాగం, ఆస్తీకుడి రాయబారం, ఇవన్నీ రెండు జాతుల మధ్య రాజకీయం. శాపగ్రస్తురాలైన ఒంటరి స్త్రీకి ఆ జాతిపేరు పెట్టడం నామౌచిత్యానికీ స్వభావౌచిత్యానికీ విరుద్ధం. నాగులు జావా నుంచి వచ్చినా గోదావరి తీరం నుంచి వచ్చినా ఈ దోషం దోషంగానే ఉంటుంది. పుట్టుక మీద కొట్లాడిన విమర్శకు ఈ దోషం కనిపించలేదు.

ఖాండవంలో ఫీనిక్స్ ఎందుకు ఇమడదు

ఖాండవదహనాన్ని ఆధారంగా తీసుకొని, అడవి తగలబడుతుంటే బతికి బయటపడిన ఒక ప్రాణి కళ్లతో కథ చెప్పాలని ఒక రచయిత సంకల్పించాడనుకుందాం. నిప్పు అనగానే నేటి ఊహకు తట్టేది ఫీనిక్స్. బూడిదలోంచి తిరిగి లేచే పక్షి కాబట్టి సందర్భోచితమేనని అనిపిస్తుంది. స్వదేశీవాది దానిని పరదేశి అని కొట్టేస్తాడు. కొట్టేయడానికి అంతకన్నా బలమైన కారణం ఆదిపర్వంలోనే ఉంది.

ఆ మంటలోంచి బయటపడినవారిలో తక్షకుడి కొడుకు అశ్వసేనుడు, మయుడు, నాలుగు శార్ఙ్గకపక్షి పిల్లలు ఉన్నారు. రెక్కలు రాని ఆ పిల్లలను ఎలుక కలుగులో దాక్కోమని తల్లి జరిత బతిమాలుతుంది. ఆ ఎలుకను డేగ ఎత్తుకుపోయిందని చెబుతుంది. పిల్లలు నమ్మవు. అందులో ఇంకా ఎలుకలు ఉండవచ్చునంటాయి. ఎలుక నోట పడి చావడం కంటే అగ్నిలో దగ్ధం కావడమే మేలని తేల్చుకొని, తల్లిని ఎగిరిపొమ్మని, చివరకు అగ్నినే స్తుతిస్తాయి. తండ్రి మందపాలుడు అంతకుముందే అగ్నిని ప్రార్థించి మాట తీసుకున్నాడు. పిల్లలు బతుకుతాయి.

ఈ ఘట్టంలోని ప్రాణం అంతా ఒక్క విషయం మీద ఆధారపడి ఉంది. నిప్పు ఆ పిల్లలను చంపగలదు. ఆ స్థానంలో ఫీనిక్స్‌ను కూర్చోబెడితే చావు అబద్ధమవుతుంది, తల్లి ఏడుపు అనవసరమవుతుంది, అగ్నిస్తుతి లాంఛనమవుతుంది. అంతేకాదు, ఖాండవదహనం మీద నేటి పాఠకుడు వేయదలచిన నైతికప్రశ్న కూడా ఆవిరైపోతుంది. కాల్చినా తిరిగి లేచే ప్రాణులున్న అడవిని కాలిస్తే తప్పేముంది? ఫీనిక్స్ ఇమడకపోవడానికి కారణం దాని దేశం కాదు, దాని ధర్మం. ఇదే కారణంతో ఏ భారతీయ పురాణం నుంచి అయినా అగ్నికి చావని పక్షిని తెచ్చి అక్కడ పెట్టినా అంతే అనుచితం.

బ్రహ్మరాక్షసుడి స్థానంలో వాంపైర్

‘ఆముక్తమాల్యద’లోని మాలదాసరి కథ మరింత తీవ్రమైన ఉదాహరణ. విష్ణుభక్తుడైన మాలదాసరి పాడటానికి బయలుదేరి, దారి తప్పి, మఱ్ఱిచెట్టు దగ్గర బ్రహ్మరాక్షసుడికి చిక్కుతాడు. స్వామి సన్నిధిలో పాడి తిరిగివస్తానని మాట ఇచ్చి వెళ్లి, అన్నట్లే తిరిగివస్తాడు. అతడిని తినవలసిన బ్రహ్మరాక్షసుడు అతడి పాట ఫలంలో కొంత ధారపోయమని కాళ్లావేళ్లా పడతాడు.

ఈ పాత్రను మనిషిని తినే జంతువుగా మాత్రమే చూసే రచయితకు వాంపైర్ సరిపోతుందనిపిస్తుంది. రెండూ రాత్రివేళ తిరిగేవే, రెండూ మనుషులను కబళించేవే. కాని బ్రహ్మరాక్షసుడు పూర్వజన్మలో బ్రాహ్మణుడు. ఆ పేరులోనే అతడి పతనచరిత్ర ఉన్నది. పుట్టుకతో పై మెట్టు మీద ఉన్నవాడు పడిపోయి, అదే వ్యవస్థ అట్టడుగున నిలిపినవాడి ఎదుట చేయి చాచడమే ఈ కథకు వెన్నెముక. వాంపైర్‌కు ఆ పతనం లేదు, ఆ కులం లేదు. అతడిని ప్రవేశపెట్టిన మరుక్షణం వర్ణవ్యవస్థ మీది వ్యంగ్యం మాయమై, భక్తుడి చేతిలో భూతం లొంగిపోయిన సాదా కథ మిగులుతుంది. క్షేమేంద్రుడి జాబితాలో కులౌచిత్యం ఒక స్థానమైతే, దానిని నేటి విమర్శ ఇక్కడ తలకిందులుగా కూడా వాడుకోగలదు. ప్రాణి కులాన్ని చెరిపేయడం ద్వారా కథ చేసిన సామాజిక విమర్శను చెరిపేయడం జరుగుతున్నదని చూపగలదు. ప్రాణుల ఎంపిక కేవలం రుచికి సంబంధించిన విషయమని కొట్టివేసేవారు ఈ నష్టానికి జవాబు చెప్పాలి.

పుంజు చాలదా?

మూడో రకం అనౌచిత్యం పరిమాణానికి సంబంధించినది. వీరగాథ అనగానే భారీ జంతువు కావాలన్న భ్రమ దీనికి మూలం. పల్నాటి వీరగాథలో రాజ్యభాగ్యాన్ని తేల్చినది కోడిపందెం. ఆ పందెంలో ఓడిన బ్రహ్మనాయుడి పక్షం ఏడేళ్లు రాజ్యం విడిచి వెళ్లవలసి వచ్చింది. ఆ తరువాత కారెంపూడి రణరంగం.

ఈ కథను తిరిగి చెప్పే రచయితకు పుంజు చిన్నదనిపించి, దాని బదులు శరభాలనో గండభేరుండాలనో ఢీకొట్టించాలని బుద్ధి పుట్టవచ్చు. ఇవి స్వదేశీయాలే. అయినా కథ చచ్చిపోతుంది. పెరట్లో గింజలు ఏరుకొనే పక్షి కాలికి కత్తి కట్టి, దాని మీద అన్నదమ్ముల రాజ్యాన్ని పణంగా పెట్టిన మనుషుల బుద్ధిహీనత ఆ గాథలోని విషాదం. పక్షి ఎంత చిన్నదైతే ఆ విషాదం అంత పెద్దది. మహామృగాలు పోరాడితే నేరం మృగాల మీదికి పోతుంది, మనుషులు ప్రేక్షకులుగా మిగులుతారు. స్వదేశీవాదం ఈ తప్పును పట్టుకోలేదు. దాని గీటురాయి మీద గండభేరుండం నిగనిగలాడుతూనే ఉంటుంది.

స్వేచ్ఛకు చోటెక్కడ?

ఈ ప్రమాణం రచయిత చేతులు కట్టేస్తుందన్న ఆక్షేపణకు దండే సమాధానం చెప్పాడు. దేశకాలాది విరోధాలన్నీ ఒక్కొక్కప్పుడు కవికౌశలం వల్ల దోషాల లెక్కను దాటి గుణాల దారిలో అడుగుపెడతాయని ఆయన అంగీకరించాడు. విరోధాన్ని నిషేధించడం ఆయన ఉద్దేశం కాదు. విరోధానికి కారణం చూపమన్నాడు.

తెలుగు సాహిత్యమే ఇందుకు సాక్ష్యం. మకరాలు సముద్రంలోనే ఉంటాయన్న కవిసమయాన్ని యాంత్రికంగా పట్టుకుంటే పోతన గజేంద్రమోక్షమే నేరస్థుల బోనులో నిలబడుతుంది. అక్కడి మకరి కొండమీది సరోవరంలో ఉంది. కాని ఆ మకరి శాపం పొందిన గంధర్వుడు. నేల మీద తిరుగులేని గజరాజు నీటిలో బలహీనుడు కావాలంటే నీటికి రాజైన ప్రాణి ఎదురుపడాలి. స్థానబలం మారిన చోట అహంకారం కరగడమే ఆ కథ. అందుకే అక్కడ మకరి పరమౌచితి. ‘శుకసప్తతి’ సంప్రదాయంలో కథలు చెప్పి గృహిణిని ఆపే చిలుక స్థానంలో అయ్యలరాజు నారాయణామాత్యుడు ‘హంసవింశతి’లో హంసను నిలిపాడు. దూత్యం చేసే హంస నైషధకథ నుంచి పాఠకుడికి పరిచితమే. ప్రియుడి దగ్గరకు చేర్చవలసిన పక్షి ఇక్కడ ప్రియుడి దగ్గరకు పోకుండా ఆపుతుంది. ఆ తారుమారులో రసం ఉన్నది, దానికి లోకజ్ఞానం పునాదిగా ఉన్నది.

‘ప్రభావతీప్రద్యుమ్నము’ ఇంకా సూటిగా బోధిస్తుంది. వజ్రనాభుడి పురంలోకి అతడి అనుమతి లేనిదే గాలి కూడా చొరలేదు. అటువంటి కోటలోకి ప్రేమసందేశం వెళ్లాలి. మనిషి వెళ్లలేడు, దూతిక వెళ్లలేదు. దేవలోకంతో సంబంధమున్న హంస శుచిముఖి వెళ్లగలదు. ఆ పక్షి అందం కోసం ఎంపికైనది కాదు. ఆ కోట నియమమే దానిని ఎంపిక చేసింది. నేటి అభిమాన కథారచయిత అనుకరించవలసినది సూరన హంసను కాదు, ఆ ఎంపిక వెనుక ఉన్న తర్కాన్ని. ఆ తర్కం తెలిసినవాడు కావాలంటే డ్రాగన్‌నే తెచ్చుకోవచ్చు. అది ఏం తింటుంది, ఎవరికి భయపడుతుంది, ఏ వరం దానిని పెంచింది, ఏ లోపం దానిని కూలుస్తుంది అన్నవి మూలలోకం భాషలో చెప్పగలిగితే చాలు.

విమర్శ కర్తవ్యం

తెలుగు శాఖల్లో అలంకారశాస్త్రం ఇప్పటికీ ప్రధాన పాఠ్యాంశం. దేశకాలవిరోధం, కవిసమయం, ఔచిత్యం అన్న మాటలకు నిర్వచనాలు విద్యార్థులు కంఠస్థం చేస్తారు. పరీక్ష ముగియగానే అవి ప్రాచీనకావ్యాలకే చెందిన పనిముట్లుగా అటకెక్కుతాయి. అదే విద్యార్థి రాత్రి ఫోన్‌లో చదివే అభిమాన కథను సాహిత్యంగా గుర్తించడానికి పరిశోధన ముందుకు రాదు. గుర్తించినప్పుడు కూడా అందులోని ప్రాణులను అపరిపక్వతకో విదేశీప్రభావానికో గుర్తులుగా లెక్కగట్టి ఊరుకుంటుంది. ఒకవైపు శాస్త్రముంది, దానికి పని లేదు. మరొకవైపు రచన ఉంది, దానికి విమర్శ లేదు. ఈ ఎడం రచయితల వల్ల ఏర్పడినది కాదు.

యువరచయితకు బ్రహ్మరాక్షసుడికంటే వాంపైర్ బాగా తెలుసన్నది నింద కాదు, బోధన మీద వచ్చిన నివేదిక. శార్ఙ్గకపక్షులు ఆదిపర్వం పుటల్లో ఉన్నాయి గాని పాఠ్యప్రణాళికలో అరుదు. ఉన్న ప్రాణులను పరిచయం చేయకుండా, తెచ్చుకున్న ప్రాణులను తప్పుపట్టే హక్కు విమర్శకు లేదు. పరిచయం చేసిన తరువాత కూడా అడగవలసినది ‘ఇది మనదేనా’ అని కాదు. ఆ ప్రాణి చచ్చేచోట చస్తుందా, భయపడేచోట భయపడుతుందా, దానిని తీసేస్తే కథ కూలుతుందా అని అడగాలి. కూలకపోతే ఆ ప్రాణి గరుత్మంతుడైనా సరే, ఆ కథకు బరువే.